ముందు అంకె, తరువాత అడవి

దుర్భిణుల సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

టెక్సాస్‌లో జింకల సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. అంతకు చాలా ముందే నాకొచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. వేసవంతా పక్షుల గురించీ గ్రహణాల గురించీ అడిగినవాళ్ళే ఇప్పుడు లేజర్‌తో దూరం కూడా కొలిచే (రేంజ్‌ఫైండింగ్) బైనాక్యులర్స్ గురించి అడుగుతారు. అందుకే ఈ సంచిక దాదాపు మొత్తం వాటికే ఇచ్చేశాను. కొత్తగా చదువుతున్నవాళ్ళకు ఒక ముక్క: నేను తెనాలిలో కళ్ళజోళ్ళ కొట్టులో పెరిగి, శాన్ ఆంటోనియోలో కళ్ళు పరీక్షించి బతికినవాణ్ణి. వేట ఇక్కడికొచ్చాకే అబ్బింది. నా జవాబుల్లో తుపాకీ కన్నా కన్ను ఎక్కువ కనబడితే ఏమీ అనుకోకండి.

ప్రశ్న: బాబాయ్ గారూ, మా ఆఫీసు ఫ్రెండు వాళ్ళ లీజు (వేటకని అద్దెకు తీసుకున్న నేల) మీద ఈ ఏడాది మొదటిసారి వేటకు వెళ్తున్నా. 10×42 రేంజ్‌ఫైండింగ్ బైనాక్యులర్స్ కొన్నాను. చెట్లు స్పష్టంగా ఉంటే లోపల ఎర్ర అంకెలు అలుక్కుపోతున్నాయి. అంకెలు సరిచేస్తే చెట్లు మసకబారుతున్నాయి. తిప్పి పంపేయమంటారా? నాకు మైనస్ 2.5 పవరుంది, కొంచెం సిలిండర్ కూడా.
— కె. ఎస్., ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: పంపొద్దు నాయనా. వస్తువు బాగానే ఉంది, నువ్వు తిప్పిన వరసే తిరగబడింది.

మామూలు బైనాక్యులర్స్‌లో కళ్ళ ముందుండే డయాప్టర్, అంటే ఆ కంటి పవరుకి తగ్గట్టు తిప్పుకునే రింగు, ఒకవైపే ఉంటుంది. ఎడమ కన్ను మధ్య చక్రంతో, కుడి కన్ను డయాప్టర్‌తో సరిచేసుకుంటే పని అయిపోతుంది. దూరం కొలిచేవాటిలో చాలావాటికి రెండు వైపులా డయాప్టర్ ఉంటుంది. అది ఊరికే పెట్టలేదు. అంకెలూ గురిచుక్కా ఒక గొట్టంలోనే కనిపిస్తాయి, అవి లోపల ఒకచోట కదలకుండా ఉంటాయి. మధ్య చక్రం తిప్పితే చెట్లు మాత్రమే మారతాయి, అంకెల మీద దాని ప్రభావం ఉండదు. డయాప్టర్ తిప్పితే అంకెలూ చెట్లూ రెండూ మారతాయి. నువ్వు ముందు చెట్లు సరిచేసుకుని తరువాత అంకెల కోసం డయాప్టర్ తిప్పుతున్నావు. దాంతో మొదట చేసిందంతా చెడిపోతోంది.

ఇక వరస చెబుతా. ముందు రెండు గొట్టాలనూ దగ్గరకీ దూరానికీ వంచుతూ నీ కళ్ళ ఎడానికి సరిపెట్టు. రెండు వలయాలు కలిసి ఒకే గుండ్రం కావాలి, అంచుల్లో నల్ల నీడ రాకూడదు. తరువాత అంకెలు ఏ గొట్టంలో ఉన్నాయో చూసుకో. రెండో గొట్టం ముందు అద్దానికి మూత పెట్టు. కన్ను మాత్రం మూయొద్దు. ఒక కన్ను బిగించి మూస్తే రెండో కన్ను కూడా ముడుచుకుంటుంది, ఆ ముడుచుకున్న కన్నుతో పెట్టిన ఫోకస్ రెండు కళ్ళూ తెరిచాక నిలవదు. ఇప్పుడు ఖాళీ ఆకాశం వైపు, సూర్యుడికి దూరంగా, తిప్పి బటన్ నొక్కి అంకెలు వెలిగించు. ఆ వైపు డయాప్టర్‌ను ప్లస్ చివరికంటా తిప్పి, అక్కణ్ణుంచి మెల్లగా వెనక్కి తీసుకురా. అంకెలు మొదటిసారి పదునుగా కనబడగానే ఆగు. ఇంకాస్త తిప్పితే ఇంకా బాగుంటుందేమో అనిపిస్తుంది, తిప్పకు. నీ వయసు కన్ను ఎంత మైనస్ ఇచ్చినా లోపల కండరం బిగించి సర్దుకుంటుంది. గంటసేపు చూశాక తలనొప్పి వస్తే ఆ బిగింపే కారణం.

అంకెలు కుదిరాయి కదా, ఇక ఆ డయాప్టర్ జోలికి పోవద్దు. నూరు గజాల అవతల ఏదైనా అక్షరాలున్న బోర్డు చూడు, అదే కన్నుతో, మధ్య చక్రం తిప్పి. అక్షరాలు తేలాక మూత రెండో వైపుకి మార్చు. మధ్య చక్రం ముట్టుకోకుండా రెండో డయాప్టర్‌తో అదే బోర్డు సరిచేయి. అంతే. రెండు డయాప్టర్లు ఏ గీత మీద ఆగాయో ఫోన్లో ఫొటో తీసి పెట్టుకో, సంచిలో రాపిడికి అవి కదులుతాయి. కొన్ని మోడళ్ళలో అంకెల ఫోకస్‌కి వేరే మీట ఉంటుంది. డబ్బాలో వచ్చిన పుస్తకం పారేయకుండా ఉంటే ఒకసారి చూడు.

సిలిండర్ సంగతి, అంటే ఒక కోణంలో మాత్రమే ఉండే పవరు. డయాప్టర్ మైనస్, ప్లస్ పవర్లను సర్దుతుంది కానీ సిలిండర్‌ను సర్దలేదు. కొంచెం అన్నావు, అది ఒకటికి దగ్గరగా ఉంటే జోడు పెట్టుకునే చూడు. రబ్బరు ఐకప్పులు పూర్తిగా లోపలికి తిప్పేయి. జోడుతో చూసేవాళ్ళకు ఐ రిలీఫ్, అంటే కన్నుకీ అద్దానికీ మధ్య ఉండగల ఎడం, కనీసం 15, 16 మిల్లీమీటర్లు ఉంటే గానీ వలయం పూర్తిగా కనబడదు. ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్ళు గడ్డం కాస్త దించి, అద్దం పై భాగంలోంచి చూడాలి.

ఇంకోటి. నువ్వు 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టి ఉంటే, అంటే తప్పకుండా పుట్టే ఉంటావు, టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. వీసా మీద ఉన్నవాళ్ళకు తుపాకీ విషయంలో ఫెడరల్ చట్టం వేరేగా ఉంది. హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఇస్తుంది. ఆ సంగతి ఫ్రెండుని కాదు, లాయరుని అడుగు.

ప్రశ్న: డబ్బా మీద 2000 గజాలు అని వేశారు. మా లీజులో 700 గజాల అవతలున్న జింక మీద గీతలు తప్ప అంకె రావడం లేదు. అదే దూరంలో రోడ్డు బోర్డుకి వెంటనే వస్తోంది. మోసమేనా?
— వి. ఆర్., కెర్‌విల్, టెక్సాస్

జవాబు: మోసం అననుగానీ, మీ జింకను దృష్టిలో పెట్టుకుని వేసిన అంకె మాత్రం కాదది. ఆ 2000 మీరు చెప్పిన రోడ్డు బోర్డు లాంటి మెరిసే వస్తువుకి. చాలా కంపెనీలు అదే డబ్బా పక్కన చిన్నక్షరాల్లో చెట్టుకి ఎంత, జింకకి ఎంత అని వేరే వేస్తాయి. కొనేటప్పుడు చదవాల్సింది జింక అంకె.

లోపల జరిగేది ఇది. లేజర్ ఒక తునక వెలుగుని పంపుతుంది, తగిలి వెనక్కొచ్చేదాకా సమయం లెక్కపెడుతుంది. ఇలాంటి పరికరాల్లో ఎక్కువగా వాడేది 905 నానోమీటర్ల వెలుగు, కంటికి కనబడదు. నూరు గజాలు పోయి రావడానికి సుమారు 610 నానోసెకన్లు, అంటే గజానికి ఆరు. వెనక్కొచ్చేది లేశమంత. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ లేశం సూర్యకాంతిలో కలిసిపోతుంది. అందుకే సాయంత్రం అయ్యేకొద్దీ అదే పరికరం ఇంకా దూరం కొలుస్తుంది. పొగమంచులో, చినుకుల్లో దగ్గరి అంకెలిచ్చి మిమ్మల్ని తికమకపెడుతుంది కూడా.

రెండో సంగతి ఎవరూ చెప్పరు. ఆ వెలుగు సూదిమొనలా పోదు, టార్చిలైటులా పోయేకొద్దీ పరుచుకుంటుంది, అదీ గుండ్రంగా కాదు, పలకగా. మీ పరికరం పుస్తకంలో 1.5 × 0.5 మిల్లీరేడియన్లు (వెలుగు ఎంత కోణంలో పరుచుకుంటుందో చెప్పే కొలత) అని ఉందనుకోండి. 600 గజాల దగ్గర ఆ పలక అడ్డంగా సుమారు 32 అంగుళాలు, నిలువుగా సుమారు 11 అంగుళాలు. మన హిల్ కంట్రీ వైట్‌టెయిల్ జింక ఛాతీ లోతు ఏ 15 అంగుళాలో ఉంటుంది. అడ్డంగా నిలబడితే పలక దాదాపు దాని ఒంటి మీదే పడుతుంది. మీకేసి ముఖం పెట్టి నిలబడితే సగానికి పైగా అటూ ఇటూ జారిపోయి వెనకున్న సెడార్ చెట్లకు తగులుతుంది. అంకె వచ్చినా అది చెట్టు దూరం కావచ్చు.

కాబట్టి పరికరాన్ని తప్పుపట్టే ముందు గురిచుక్క ఉన్నచోటే లేజర్ పడుతోందా అన్నది చూసుకోండి. నేను ప్రతి ఏడూ సీజను ముందు ఈ పరీక్ష చేస్తాను. 150, 200 గజాల దూరంలో, వెనక ఆకాశం తప్ప మరేమీ లేని ఒంటి కరెంటు స్తంభం వెతకండి. బైనాక్యులర్స్‌ని ట్రైపాడ్ మీద బిగించండి. స్కాన్ మోడ్ (ఆగకుండా కొలుస్తూ పోయేది) పెట్టి, చుక్కను స్తంభానికి ఎడమగా ఆకాశంలో ఉంచండి. అంకె రాదు, గీతలే వస్తాయి. ఇప్పుడు వెంట్రుకవాసి చొప్పున కుడికి జరపండి. ఏ క్షణాన అంకె వచ్చిందో అప్పుడు చుక్క స్తంభానికి ఎంత ఎడంగా ఉందో చూసుకోండి. అలాగే జరుపుతూ పోతే కుడివైపు ఎక్కడో అంకె పోతుంది. రెండు ఎడాలూ సమానమైతే లేజర్ చుక్క కిందే ఉన్నట్టు. ఎడమ వైపు స్తంభం వెడల్పంత ముందే అంకె వచ్చి, కుడివైపు స్తంభం దాటకముందే పోయిందంటే లేజర్ చుక్కకు కుడిగా పడుతోందన్నమాట. పైకీ కిందకీ ఇదే పరీక్ష చదునైన డాబా పిట్టగోడ అంచు మీద చేయండి, వెనక ఆకాశమే ఉండాలి. తేడా కొంచెమైతే గుర్తుపెట్టుకుని వాడుకోవచ్చు. చుక్క గుండె మీద పెడితే లేజర్ వెనకున్న గుట్ట మీద పడేంత తేడా ఉంటే వారంటీలో పంపేయండి.

అంకె నిజమా కాదా అన్నది తేల్చుకోవడానికి హైస్కూలు ఫుట్‌బాల్ మైదానం ఉంది. ఒక గోల్‌పోస్టు పక్కన నిలబడి రెండోదాన్ని కొలిస్తే 120 గజాలు రావాలి. ఒక గజం అటూ ఇటూ అయితే పట్టించుకోవద్దు. పిల్లలు లేనప్పుడే వెళ్ళండి. వేట పరికరాల్లో కంటికి హాని లేని తరగతి లేజరే వాడతారు, అయినా మనిషి మొహం మీదికి గురిపెట్టడం నాకు నచ్చదు.

మోడ్ కూడా చూడండి. గడ్డి చాటునున్న జింకకి మొదటి వస్తువుని కొలిచే మోడ్ పెడితే గడ్డి దూరం ఇస్తుంది. అక్కడ చివరి వస్తువు మోడ్ పెట్టాలి. జింక వెనకే కొండ ఉంటే మళ్ళీ మొదటిదే నయం.

ఇంతా చెప్పి ఒకటి అడుగుతాను. కెర్‌విల్ దగ్గర మంచె మీద కూర్చుని, నూరు గజాల్లో మొక్కజొన్న ఫీడర్ పెట్టుకుని, 700 గజాల జింకతో మీకేం పని?

ప్రశ్న: అక్టోబరులో కొలరాడో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు వెళ్తున్నాం. కొండ మీదినుంచి కిందికి చూస్తే నా బైనాక్యులర్స్ 400 అంటోంది, స్నేహితుడిది 346 అంటోంది. ఎవరిది నమ్మాలి?
— ఎం. పి., అరోరా, కొలరాడో

జవాబు: రెండూ నిజమే. మీది వెలుగు పోయిన దారి చెబుతోంది. ఆయనది ఏటవాలుని తీసేసి అడ్డు దూరం చెబుతోంది. 30 డిగ్రీల వాలులో 400ని 0.866తో గుణిస్తే 346. తూటాను కిందికి లాగే భూమ్యాకర్షణ పనిచేసేది దాదాపు ఆ అడ్డు దూరం మీదే, కాబట్టి గురి ఎత్తడానికి ఆయన అంకె వాడాలి. మీదాన్లోనూ ఆ మోడ్ ఉండే ఉంటుంది, సెట్టింగుల్లో వెతకండి. కొండెక్కాక వెతకొద్దు, ఇంటి దగ్గర పార్కింగ్ గ్యారేజీ పై అంతస్తు నుంచి రెండు మోడ్‌లూ పోల్చి ఏది ఏమిటో తేల్చుకోండి. పది డిగ్రీల వాలైతే 400కి 394 వస్తుంది, దానికి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

మీ పరికరం తూటా లెక్కలు కూడా కడుతుంటే గాలి ఒత్తిడి జాగ్రత్త. వాతావరణ వార్తల్లో చెప్పే 30 అంగుళాల పాదరసం సముద్రమట్టానికి సర్దిన లెక్క. 9000 అడుగుల మీద నిజంగా ఉండేది సుమారు 21.4. అక్కడ 30 కొడితే, పలచటి గాలిని చిక్కటి గాలి అనుకుని తూటా ఎక్కువ పడుతుందని చెబుతుంది. లోపల సెన్సార్ ఉన్నవాటిలో ఈ బాధ లేదు.

బ్యాటరీ చలికి నీరసిస్తుంది. ఎక్కువ మోడళ్ళలో సీఆర్2 లిథియం ఉంటుంది. ఇంకోటి లోపలి జేబులో ఒంటికి ఆనుకుని పెట్టుకోండి.

ప్రశ్న: అన్నయ్యగారూ, మావారికి అరవయ్యో పుట్టినరోజుకి రేంజ్‌ఫైండింగ్ బైనాక్యులర్స్ ఇద్దామని. షాపులో ఏది చూసినా బాగానే ఉంది. 8 రెట్లదా, 10 రెట్లదా? మంచిదని ఎలా తెలుస్తుంది?
— శ్రీమతి ఎల్. డి., అట్లాంటా, జార్జియా

జవాబు: అమ్మా, షాపు దీపాల కింద అన్నీ బాగానే ఉంటాయి. ఆ వెలుతురులో ఖరీదైనదానికీ చవకదానికీ తేడా చూపించమంటే నాకే కష్టం. జింకలు కదిలేది మసక వేళల్లో. చాలా రాష్ట్రాల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తరువాత అరగంట దాకా వేటకు చట్టం ఒప్పుకుంటుంది. డబ్బు పెట్టేది ఆ రెండు అరగంటలకే. మూసే వేళకు షాపుకి వెళ్ళి, రెండు మోడళ్ళు తీసుకుని గుమ్మం బయట నిలబడి చూసుకోనివ్వమని అడగండి. పార్కింగ్ చివర చెట్ల కింద చీకట్లో కొమ్మలు విడివిడిగా ఎందులో కనిపిస్తే అది.

42 మిల్లీమీటర్ల అద్దాన్ని 10తో భాగిస్తే 4.2, 8తో భాగిస్తే 5.25. కంటికి చేరే వెలుగు వలయం అంత మిల్లీమీటర్లు. వయసు పెరిగేకొద్దీ చీకట్లో కంటిపాప విచ్చుకోవడం తగ్గుతుంది, అరవైకి చాలామందికి 5 కూడా దాటదు. అంటే 8 రెట్లదాన్లో ఎక్కువొచ్చే వెలుగంతా ఆయనకు అందకపోవచ్చు. కానీ చెయ్యి వణుకు 10 రెట్లదాన్లో ఎక్కువ తెలుస్తుంది, వణికే చేత్తో లేజర్ గురి కూడా కుదరదు. ఆయన మంచె మీద మోచేతులు ఆనించి చూసే మనిషైతే 10, నడిచి తిరిగే మనిషైతే 8.

అంకెల రంగు చూడండి. నల్ల అంకెలు పగలు బాగుంటాయి, మసక వేళ నల్లటి పొదల మీద మాయమవుతాయి. ఎర్రవైతే చీకట్లో కళ్ళు జిగేల్మనకుండా వెలుగు తగ్గించుకునే వీలుండాలి, అన్నిటికన్నా తక్కువ మెట్టు మీద పెట్టి చూడండి. లేజర్ కోసం లోపల వేసే అదనపు పూత వల్ల కొన్నిటిలో బొమ్మకి నీలి ఛాయో ఆకుపచ్చ ఛాయో వస్తుంది. తెల్ల కాగితం ఒకటి దూరంగా అంటించి చూస్తే బయటపడుతుంది. నేనైతే కాస్త ఛాయకు భయపడను, మసకకు భయపడతాను.

బరువు కూడా చూడండి. ఇవి 900 గ్రాములకు అటూ ఇటూ ఉంటాయి. మెడకు తగిలించే తాడు బదులు భుజాల మీదుగా వేసుకునే పట్టీ కొనండి. తీరా అడవిలో బరువని కారులో వదిలేసి, తుపాకీ మీది స్కోపుతో చుట్టూ చూసేవాళ్ళున్నారు. స్కోపుతో చూడటమంటే తుపాకీ గురిపెట్టడమే. అటువైపు ఉన్నది జింకో మనిషో తేల్చుకోవడానికే బైనాక్యులర్స్.

సెకండ్ హ్యాండ్ కూడా చెడ్డదేం కాదు. లైకా జియోవిడ్ 1992లో వచ్చింది, అప్పటినుంచీ ఈ రకం దుర్భిణులు వేటగాళ్ళ చేతుల్లో ఉన్నాయి. కాకపోతే మరీ పాతవాటికి విడిభాగాలు దొరుకుతాయా అని కంపెనీని ముందే అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి లేజర్ బైనాక్యులర్స్ తెస్తానంటున్నాడు. నేను నేలపట్టు, పులికాట్ పక్షుల కోసం తిరుగుతుంటాను. పనికొస్తాయా?
— జి. వి., సూళ్ళూరుపేట

జవాబు: మాస్టారూ, గూడబాతు ఎన్ని గజాల్లో ఉందో మీకెందుకు? 1972 వన్యప్రాణి చట్టం ఉండగా మన దగ్గర వేట మాట లేదు, దూరం కొలవాల్సిన అవసరం అంతకన్నా లేదు. ఆ డబ్బులో మూడో వంతుకి శుభ్రమైన మామూలు 8×42 వస్తుంది, తేలిగ్గానూ ఉంటుంది. మిగిలింది పులికాట్ ఫ్లెమింగోల కోసం స్పాటింగ్ స్కోపు (కాళ్ళ మీద నిలబెట్టి చూసే ఒంటి గొట్టం దుర్భిణి) మీద పెట్టమనండి.

ప్రశ్న: ట్రక్కు డోరులోంచి బైనాక్యులర్స్ కింద పడ్డాయి. అద్దాలు పగల్లేదు, అంకెలు వస్తున్నాయి. కానీ పది నిమిషాలు చూస్తే కళ్ళు లాగుతున్నాయి. నేనే విప్పి సరిచేయగలనా?
— ఆర్. టి., ఫీనిక్స్, అరిజోనా

జవాబు: విప్పొద్దు. రెండు గొట్టాలూ ఒకే దిక్కు చూడటం మానేసి ఉంటాయి. కళ్ళు ఆ తేడాని లాక్కొచ్చి కలుపుతున్నాయి, లాగుతున్నట్టుండేది అందుకే. దూరంగా అడ్డంగా ఉన్న కరెంటు తీగను చూస్తూ బైనాక్యులర్స్‌ని కళ్ళ నుంచి మెల్లగా నాలుగైదు అంగుళాలు ముందుకు జరపండి. రెండు వలయాల్లో తీగ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకదాన్లో పైకి, ఒకదాన్లో కిందికి ఉంటే ప్రిజం కదిలినట్టే. మామూలు బైనాక్యులర్స్‌కైతే ఊళ్ళో రిపేరువాడు మరలు సర్ది ఇవ్వచ్చు. వీటిలో లేజర్ కూడా అదే పెట్టెలో ఉంది, ఒకటి సర్దితే రెండోది తప్పుతుంది. కంపెనీకే పంపండి. కింద పడ్డాయని దాచకుండా రాయండి, ఎక్కడ వెతకాలో వాళ్ళకు తెలుస్తుంది. పంపే ముందు బ్యాటరీ తీసేయండి, ఇన్సూరెన్సు చేయించండి, డయాప్టర్ గీతల ఫొటో ఉంచుకోండి. రిపేరు నుంచి వచ్చేటప్పుడు డయాప్టర్లు సున్నా మీద ఉండొచ్చు.